కలకత్తాకు మోసుకెళ్లిన సముద్రపు నీళ్లు

కలకత్తా వెళ్లొచ్చానని తెలిసి అందరూ అడిగేవాటిలో నేను ఒక్కటీ చూడలేదు. ఆ ఊళ్లో నేను చూసినవి ఓడరేవు కూలీల పేట ఒకటి, సమావేశం జరిగిన హాలు ఒకటి, ప్రయోగశాల ఒకటి. ఉన్నన్ని రోజులూ ఒక పెట్టెను కనిపెట్టుకుని ఉండడంతోనే సరిపోయింది.

పెట్టెలో ఉన్నవి గాజు సీసాలు. వాటిలో ఉన్నవి భీమిలి ఎదురుగా సముద్రంలో పట్టిన నీళ్లు. పట్టింది మా చెల్లెలు హైమ. ఆమె పోయి ఏడాది దాటింది.

హైమ సముద్ర రసాయన శాస్త్రవేత్త. మనం మండించే బొగ్గు, పెట్రోలు నుంచి గాలిలోకి చేరే కార్బన్ డయాక్సైడులో కొంత భాగాన్ని సముద్రం పీల్చుకుంటుంది. ఆ మేరకు నీటి గుణం మెల్లగా ఆమ్లం వైపు జరుగుతుంది. గుల్లలు, పగడాల వంటివి పెంకు కట్టుకోవడానికి అవస్థపడతాయి. ఏ తీరంలో ఎంత జరిగిందో తెలియాలంటే ఒకే చోట ఏళ్ల తరబడి నీళ్లు పట్టి కొలవడం తప్ప వేరే దారి లేదు. హైమ ఆ పనే చేసింది. నెలనెలా పడవ మీద అదే చోటికి వెళ్లి రెండేసి సీసాలు నింపేది. ఒకటి కొలిచేది. రెండోదాంట్లో విషపు చుక్క వేసి, మూత బిగించి, చీకటి గదిలో దాచేది. ఆమె పోయాక పడవ ఆగింది. పరిశోధనకు వచ్చే డబ్బూ ఆగింది. సీసాలు మా ఇంట్లో మిగిలాయి.

వేసవిలో కలకత్తా నుంచి మాలబిక అనే ప్రొఫెసర్ ఫోన్ చేశారు. సముద్రం ఆమ్లంగా మారడం మీద పరిశోధనకు కొత్తగా నిధులు రాబోతున్నాయనీ, వాటి గురించి వివరించే సమావేశం పెడుతున్నామనీ, హైమ ఆపిన చోట నుంచి కొలతలు మళ్లీ మొదలుపెట్టాలని తమ ఆలోచన అనీ చెప్పారు. దాచిన సీసాలు పట్టుకుని నన్నే రమ్మన్నారు.

"ఆమె అంకెల పట్టికలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఇప్పుడే పంపిస్తాను" అన్నాను.

"వద్దు. దయచేసి అంకెలు పంపకండి. సీసాలు తెండి చాలు."

విశాఖపట్నంలో ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దుతూ నా ఉద్యోగమంతా గడిచింది. అచ్చులో ఉన్నంత మాత్రాన ఏ మాటనూ నమ్మకపోవడమే నా పని. ఆవిడ అంకెలు వద్దనీ, నీళ్లు మాత్రం కావాలనీ అంటే నాకు ఒక్కటే అర్థం తోచింది. ఆ నీళ్లు తాము కొలుచుకుని తమ పేరు పెట్టుకుంటారు. వెళ్లకపోతే హైమ చేసిన పని అక్కడితో ఆగిపోతుంది. వెళితే సీసాలు తెరుస్తారు. ఒకసారి మూత తీసిన సీసా మళ్లీ పనికిరాదు. హైమ చేతులు బిగించినవి ఇంకేవీ మా ఇంట్లో లేవు.

ఇవ్వాలో వద్దో అక్కడికి వెళ్లి, వాళ్లను చూసి తేల్చుకుందామని బయలుదేరాను.

టికియాపారా దగ్గర ఆగిన బండి

పెట్టెను సీటు కింద పెట్టకుండా కాళ్ల దగ్గరే పెట్టుకున్నాను. ఎదుటి సీటులో ఖరగ్‌పూర్ తెలుగాయన. తాతల కాలం నుంచి రైల్వేలోనే ఉన్నారట. బరంపురం దాటేదాకా ఓపిక పట్టి ఇక ఆపుకోలేక అడిగేశాడు.

"ఏముందండీ పెట్టెలో? అంత జాగ్రత్త పడుతున్నారు."

"నీళ్లు."

"నీళ్లా! కలకత్తాకా?" అని పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు. "ఆ ఊరు ములిగిపోయేది నీళ్లలోనే కదండీ. ఇంకా మోసుకెళ్తున్నారా?"

"తాగడానికి కాదు."

"అయితే అమ్మకానికా?"

నేను పుస్తకం తెరిచాను. ఆయన ఊరుకున్నాడు గానీ చూపు పెట్టె మీదే ఉంది. చేతులు కడుక్కుని వచ్చేసరికి పెట్టె నేను పెట్టిన చోట లేదు. ఆయన సీటు పక్కన ఉంది. దాని మీద ఆయన టిఫిన్ క్యారియర్.

"ఎవరో తన్నుకుంటూ పోతున్నారండీ. గాజులా చప్పుడైంది. అందుకని ఇటు జరిపాను" అన్నాడు.

థాంక్స్ చెప్పి, పెట్టెను మళ్లీ నా వైపు లాక్కున్నాను. ఆయన ఖరగ్‌పూర్‌లో దిగిపోయాక మూత తీసి సీసాలన్నీ లెక్కపెట్టుకున్నాను. సరిపోయాయి.

హౌరా ఇంకో అడుగు దూరంలో ఉందనగా టికియాపారా దగ్గర బండి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరూ అడగలేదు. పట్టాల పక్కన ఆరేసిన బట్టలు, రైల్వే క్వార్టర్లు, షెడ్డులో ఉతికిన దుప్పట్ల గుట్టలు. మన వైపు బండి ఇలా ఆగితే జనం తలుపు దగ్గరికి చేరి స్టేషన్ మాస్టరు దగ్గర్నుంచి మంత్రి దాకా తిడతారు. ఇక్కడ మాత్రం ఒక్కొక్కరూ సంచిలోంచి మరమరాల పొట్లం తీసి తినడం మొదలుపెట్టారు.

ఏక్‌బాల్‌పూర్

మా పిన్ని కూతురు నూకాలు ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటుంది. మొగుడు గురువులు డాకులో, అంటే ఓడరేవులో, క్రేన్ మీద పని చేస్తాడు. వాళ్లది శ్రీకాకుళం దగ్గర తీరపు ఊరు. అక్కడివాళ్లు ఈ పేటకు రావడం గురువులు తాతతో మొదలైందట. ఇరుకు సందు, రెండు గదులు, మేడ మీదికి ఇనప మెట్లు. స్టేషన్ నుంచి ఎక్కిన పసుపు టాక్సీవాడు అడిగిన కిరాయికి రెండు మాటలు బేరమాడాను. తగ్గించాడు. అంత తేలిగ్గా ఎందుకు తగ్గించాడా అని దారంతా అనుమానపడుతూనే ఉన్నాను.

నూకాలు గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది.

"ఏటప్పా, ఇలాగైపోనావు? హైమప్ప పోనాక తిండి మానీసినావేటి?"

"తింటూనే ఉన్నానే."

"సూత్తంటే తెల్దేటి? కూకో. ముందు తిను, మాటలు మల్లీ."

చేపల పులుసు పెట్టింది. చింతపండు మన పద్ధతే, నూనె మాత్రం ఆవనూనె. ముక్కుకెక్కింది. నేను ఆగడం చూసి గురువులు నవ్వాడు.

"వొదినా, మా ఇంట్ల ఎవులికీ ఆ వాసన తెల్దు. పుట్టిన కాడి నుండి అదే. ఊరెలితే అక్కడి కూరలే సప్పగుంటాయి మాకు."

పప్పులో చక్కెర వేసింది నూకాలు. వద్దనలేదు. ఊరు విడిచిన కుటుంబాలు భాషను దాచుకున్నంత జాగ్రత్తగా నాలుకను దాచుకోలేవేమో. పొరుగింటావిడ వచ్చి బెంగాలీలో ఏదో అడిగితే నూకాలు ఆ భాషలోనే సమాధానం చెప్పి, ఆమె వెళ్లగానే మా ఊరి యాసలో ఆమెను తిట్టింది.

పెట్టె గురించి చెప్పాను. హైమ పట్టిన సముద్రపు నీళ్లనీ, ఇక్కడివాళ్లు అడిగితే తెచ్చాననీ.

గురువులు ముద్ద ఆపాడు. "నీల్లకి ఆల్లెంతిత్తారేటి?"

"నాకేమీ ఇవ్వరు. పరిశోధనకు నిధులు వస్తే అవి వాళ్లవి."

"నీకేటీ ఇయ్యకుండా నీల్లట్టికెలిపోతారా? బాగుంది దాదా యాపారం!" అని తనకు తానే అనుకున్నట్టు అన్నాడు. "డాకుల సరుకు దిగితే పది సంతకాలడుగుతారు వొదినా. నువ్వూ అడుగు."

నేను అనుకుంటున్నదే అతని నోట వచ్చింది. అంతమాత్రానికే అతని మీదా నాకు అనుమానం కలిగింది. పడుకునే ముందు పెట్టెను మంచం కిందికి తోసి, దాని మీద నా సంచి పెట్టుకున్నాను.

పసుపు రాసిన సీసా

తెల్లవారి లేచేసరికి సంచి పక్కకు జరిగి ఉంది. పెట్టె మూత సరిగా పడలేదు. ఒక సీసా తక్కువైంది.

గురువులు అప్పటికే పనికి వెళ్లిపోయాడు. అంతకు ముందు సాయంత్రం అతను అడిగిన ప్రశ్నలన్నీ వరసగా గుర్తొచ్చాయి. నా గొంతు పెరిగిందని నూకాలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాకే తెలిసింది.

"నీ మొగుడు సీసా తీసుకెళ్లాడు."

"ఆడా? ఆడెందుకట్టుకెల్తాడు? నానే తీసినాను. రా, ఇలగ సూడు."

దేవుడి పటాల ముందు పీట. పీట మీద సీసా. సీసా చుట్టూ పసుపు, మూత మీద కుంకుమ, మెడకు దారం, పక్కన రెండు బంతిపూలు. నూకాలు తలంటుకుని ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఘాటు కాడ పంతులికి సెప్పినాను. పడవోడికీ సెప్పినాను. బేగి తానం సేసిరా, ఎలిపోదుం."

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి? గంగకి! ఊర్నించి సచ్చిపోనోల్ల పేరు సెప్పి ఎవులేటి తెచ్చినా మన ఇంటికే తెత్తారు. మా అత్త ఉన్నప్పుటి నుండీ అంతే. అందరూ ఇక్కడే దిగుతారు, ఘాటుకెలి కలిపీసి వత్తాం. నువ్వొట్టుకొచ్చినావు గాదా?"

ఆ పేటలో అది పద్ధతేనని తర్వాత తెలిసింది. తీరం నుంచి వచ్చే బంధువులు అస్థికలో, పోయినవాళ్ల వస్తువులో తెస్తారు. నూకాలు ఇంట్లో రాత్రి ఉంచుతారు. ఉదయం ఘాటుకు, అంటే నది రేవుకు, తీసుకెళ్లి గంగలో కలుపుతారు. ఏడాది దాటాక, చనిపోయిన చెల్లెలు మూతలు బిగించిన సీసాలతో అక్క వచ్చింది. నూకాలు ఇంకోలా అనుకోవడానికి వీలే లేదు. నిధులనీ, పరిశోధన అనీ నేను చెప్పింది ఆమెకు బతికున్నవాళ్ల పనిలా వినబడింది. సీసాలు ఆమె లెక్కలో చనిపోయినవాళ్లవి.

"నూకాలూ, అందులో విషం ఉంది. నదిలో పోయకూడదు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇసమా? ఎవులేసినారు?"

"హైమే వేసింది. నీళ్లలో కంటికి కనబడని జీవాలుంటాయి. అవి బతికుంటే సీసాలోనే నీటి గుణం మార్చేస్తాయి. పట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉండాలని వాటిని చంపేస్తారు."

నూకాలు సీసా వంక చూసింది. "మారకుండా ఉండాలంటే సంపీయాలా?" అంది. తర్వాత, నా మీద కోపమో తన మీద కోపమో తెలియకుండా, "నిన్ననే సెప్పొచ్చు గదా! పడవోడికేటి సెప్పాల ఇప్పుడు?" అంటూ ఫోను వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

గురువులును అన్న మాటకు ఆమెకు క్షమాపణ చెప్పాను. "ఆడికి సెప్పకు. సెప్పితే నెల్లాల్లు అదే పాట పాడతాడు" అంది.

భవానీపూర్‌లో నిధులు

సమావేశం భవానీపూర్‌లో, కింద చీరల దుకాణం ఉన్న పాత మేడలో జరిగింది. పెట్టెను ఒళ్లో పెట్టుకుని చివరి వరుసలో కూర్చున్నాను. వచ్చినవాళ్లలో సగం మంది పడుచు పరిశోధకులు. ముందువరసలో ఉన్నవాళ్లకు ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదని చూడగానే తెలిసిపోయింది. ఎవరికివారు తమ కాగితాలు బోర్లించి పెట్టుకున్నారు. అందరూ అడగబోయేది అవే నిధులు.

ఢిల్లీ నుంచి వచ్చిన ఒక అధికారి వివరించాడు. ప్రభుత్వం వైపు నుంచి రాబోయేవి కొన్ని, విదేశీ సంస్థలవి కొన్ని, బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలు కలిసి ఇవ్వాలనుకుంటున్నవి కొన్ని. ఏవీ ఇంకా అధికారికంగా వెలువడలేదు. వెలువడ్డాక దరఖాస్తుకు గడువు తక్కువ ఉంటుంది కనుక ఇప్పటినుంచే సిద్ధం కావాలి. ఒంటరి పరిశోధకుడికి కాకుండా బృందానికే మొగ్గు. కొలతలు అందరికీ బహిరంగంగా ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే చోట చాలా ఏళ్లుగా తీసిన, వేరేవాళ్లు సరిచూసిన కొలతల వరుస ఉన్నవాళ్లకు ముందు చోటు.

ఆ చివరి మాటకు మాలబిక వెనక్కి తిరిగి నన్ను చూశారు. నెరిసిన జుట్టు, నూలు చీర, అరిగిన చెప్పులు. నాతో ఏదో అవసరం ఉన్నట్టు ఉంది ఆ చూపు. నాకు నచ్చలేదు.

ప్రశ్నలు అడగమన్నారు. లేచాను.

"చనిపోయినవాళ్ల కొలతలు ఎవరి పేరు మీద వెళ్తాయి?"

"మంచి ప్రశ్న" అన్నాడు అధికారి. మంచి ప్రశ్న అన్నవాళ్లు జవాబు చెప్పగా నేను ఇంతవరకూ వినలేదు. ఆ రోజూ వినలేదు.

పొట్లంలో సింగాడా, సందేశ్ అనే పాల మిఠాయి ఇచ్చారు. సింగాడా అంటే మన సమోసాయే, లోపల బంగాళాదుంపలో పల్లీలు వేస్తారు. మాలబిక నన్ను కిందికి, రోడ్డు పక్క టీ కొట్టుకు తీసుకెళ్లారు. మట్టి ముంతలో టీ. తాగి ముంత పడేయడం ఇక్కడి పద్ధతి. నేను కడగడానికి నీళ్లడిగితే టీ కొట్టతను నవ్వి, ముంత నా చేతిలోంచి తీసుకుని తొట్టిలో పడేశాడు. మేం ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం.

"మీ ప్రశ్నకు నేను జవాబిస్తాను. పేరు ఆమెదే. మొదటి పేరు. అది నేను రాసి ఇస్తాను" అన్నారు.

"మరి ఆమె అంకెలు ఎందుకు వద్దన్నారు?"

"చూస్తే మా చెయ్యి వాటి వైపు వంగుతుంది. మేం కొలిచేటప్పుడు ఆమె ఎంత రాసిందో మాకు తెలియకూడదు. మా అంకె మేం చెప్పాక మీరు ఆమె అంకె చదవాలి. అందుకే మిమ్మల్ని రమ్మన్నాను."

"అంటే ఆమె మీద మీకు నమ్మకం లేదు."

"లేదు" అన్నారు ఆవిడ, ఏ సంకోచమూ లేకుండా. "మా మీదా లేదు. ఆమెకు మాత్రం ఉందంటారా? రెండో సీసా ఎందుకు దాచింది? ఎవరైనా తనను నమ్మకపోతే వాళ్లు కొలుచుకోవాలనే కదా."

నేను పెట్టెను ఇంకో చేతికి మార్చుకున్నాను.

"ఇంకొకటీ చెప్పాలి. అంకెలు కలవకపోతే ఆ ఏళ్ల కొలతలన్నీ పక్కన పెట్టాలి. దరఖాస్తు వేస్తాం, పడవ కూడా వెళ్తుందేమో, కాని కొత్తగా మొదటి నుంచి. ఆమె పేరు అందులో ఉండదు. ఆలోచించుకుని రేపు రండి. రాకపోయినా నేను తప్పు పట్టను."

ఆవిడ టీ డబ్బులిచ్చారు. నేను ఆపేలోపే ఇచ్చేశారు. నాకు ఎక్కువగా నచ్చజెప్పాలని చూసి ఉంటే పెట్టెతో హౌరాకు వెళ్లిపోయేదాన్ని.

ప్రయోగశాలలో

ఈ మాటలు రాసేనాటికి ఆ నిధుల ప్రకటనలేవీ రాలేదు. వస్తాయో రావో, వస్తే వీళ్లకే వస్తాయో లేదో నాకు తెలియదు. ప్రయోగశాలలో జరిగింది మాత్రం చెప్పగలను.

కొలిచేది తుషార్ అనే కుర్ర శాస్త్రవేత్త. నన్ను మాసిమా అని పిలిచాడు. అంటే పిన్ని వరస. ముందు పెట్టె తెరిచాడు. నూకాలు పసుపు రాసిన సీసా పైనే ఉంది.

"ఇది తుడవచ్చా మాసిమా? మీరు వద్దంటే అలాగే కొలుస్తాను. లోపలి నీటికి ఏమీ కాదు."

"తుడవండి" అన్నాను.

హైమ సీసాను ముట్టుకోకముందు ఇంకేదో సీసా తెచ్చి దాన్ని కొలిచాడు. అందులోని నీటి కొలత ముందే ఖాయంగా తెలుసట. యంత్రం సరిగ్గా ఉందో లేదో దానితో చూస్తారు. సరిపోయింది. అయినా మళ్లీ చూశాడు. ఇంత అనుమానం మనుషుల్లో నాకే ఉందనుకునేదాన్ని.

తర్వాత హైమ సీసా మూత మీది పట్టీ వదులు చేసి, మెల్లగా తిప్పాడు. చిన్న చప్పుడుతో ఊడింది. సముద్రపు వాసన వస్తుందేమోనని ముందుకు వంగాను. ఏ వాసనా రాలేదు. "మరీ దగ్గరికి రాకండి మాసిమా" అన్నాడతను. గాజు గొట్టంలో నీళ్లు పోసి, చుక్క తర్వాత చుక్క ఆమ్లం కలుపుతూ పోయాడు. ఎంత ఆమ్లాన్ని ఆ నీరు తట్టుకుంటుందో చూడడమే ఆ పరీక్ష. చివరికి బల్ల పక్కన ఉన్న తెల్లబోర్డు మీద తన అంకె రాసి పక్కకు జరిగాడు.

"ఇప్పుడు మీరు చదవండి" అన్నారు మాలబిక.

ఫోనులో హైమ పట్టిక తెరిచాను. సీసా మీద రాసి ఉన్న తేదీ వరుస దొరికింది. చివరి అంకెలు వేరు.

మళ్లీ చూశాను. వేరే. బోర్డు మీద ఉన్నదీ, నా ఫోనులో ఉన్నదీ ఒకటి కాదు. వాళ్లిద్దరూ నా వైపు చూస్తున్నారు. హైమ అంకె వాళ్లకు తెలియదు. వాళ్లు కావాలనే తెలుసుకోలేదు. బోర్డు మీద ఉన్నదాన్నే చదివితే కలిసిందని రాసుకుంటారు. పట్టిక తర్వాత ఎప్పుడో చూస్తారు, అప్పటికి దిద్దుకోవడం నాకు కష్టం కాదు. అంకెలు దిద్దడం నేను చేసిన ఉద్యోగమే. రైల్లో ఆ పెద్దమనిషిని, టాక్సీవాడిని, గురువులును, ఈవిడను ఇన్ని రోజులుగా కనిపెడుతూ వచ్చాను. ఆ గదిలో మోసం చేయడానికి వీలున్న మనిషిని నేను ఒక్కదాన్నే.

హైమ అంకె ఉన్నది ఉన్నట్టు చదివాను.

తుషార్ బోర్డు మీద తన అంకె కింద దాన్ని రాశాడు. తల దించుకున్నాడు. మాలబిక కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వెళ్లారు.

"అంతేనా? పక్కన ఇంకేమీ లేదా?"

"ఏముంటుంది?"

"ప్లస్ మైనస్ గుర్తుతో ఇంకో చిన్న అంకె. చూడండి."

ఉంది. అన్ని వరుసల్లోనూ ఉంది. ఆమె వ్యాసాల ప్రూఫులు చూసినప్పుడు ఆ గడులు నిలువుగా ఒకే వరుసలో ఉండేలా సరిచేశాను తప్ప ఎందుకుందో అడగలేదు. చదివాను.

మాలబిక బోర్డు పెన్ను తీసుకుని తీసివేత వేశారు. ఒకసారి వేసి, చెరిపి, మళ్లీ వేశారు.

"ఆ చిన్న అంకె ఏమిటో తెలుసా? తాము ఇంతమేరకు పొరబడి ఉండవచ్చని కొలిచినవాళ్లు తామే రాసి పెట్టేది. ఈ రెండింటి మధ్య తేడా అంతకన్నా తక్కువ." ఆవిడ పెన్ను మూత పెట్టారు. "కలిసింది. ఈ ఒక్కటి. మిగతావీ కలవాలి. మీకు అలసటగా ఉంటే రేపు చేద్దాం."

అక్కర్లేదన్నాను. పెట్టెలో చెయ్యి పెట్టి తర్వాతి నెల సీసా తీసి తుషార్‌కు అందించాను.